పానా మెడగా, తాపీ పడగగా

శ్రీకాళహస్తి స్థలపురాణంలో శివుణ్ణి కొలిచి ముక్తి పొందిన ప్రాణులు మూడు: సాలెపురుగు, పాము, ఏనుగు. తుక్కు ఇనుముతో జంతువుల బొమ్మలు చేసే మనిషి పనితనం ఎంతటిదో తెలుసుకోవాలంటే ఈ మూడింటినీ చేసి చూపించమంటే చాలు. సాలీడుకు ఒళ్లంటూ పెద్దగా లేదు, ఉన్నవన్నీ కాళ్లే. పాముకు కాళ్లు లేవు, ఉన్నదంతా వెన్నే. ఏనుగుకు అన్నీ ఉన్నాయి, అన్నిటికీ మించి బరువుంది. సన్నని కడ్డీ మీద ఒంటిని నిలబెట్టాలి, మొండి గొలుసును మెలికలు తిప్పాలి, లోపల ఏమీ లేని రేకుకు బరువు తెప్పించాలి. పాత ఇనుముతో పనిచేసేవాళ్లకు ఎదురయ్యే చిక్కులన్నీ ఈ మూడింట్లోనే దాగున్నాయి.

మన రాష్ట్రంలో ఈ పనికి పేరు తెచ్చినవాళ్లు కృష్ణా డెల్టా వైపు ఉన్నారు. తెనాలిలో సూర్య శిల్పశాల నడిపే కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర 75 వేల నట్లు పేర్చి పది అడుగుల గాంధీ విగ్రహం చేశారు. 2021లో సైకిల్ చైన్లు, పళ్లచక్రాలు, కడ్డీలు, నట్లు, బోల్టులతో 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహాన్ని తయారుచేశారు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో లలితకళలు బోధించే పడకండ్ల శ్రీనివాస్ చేసిన తుక్కు ఇనుప బొమ్మలు గుంటూరు, విజయవాడ నగరాల్లో నలుగురూ తిరిగే చోట్ల నిలిచాయి. తమిళనాడు నగరాలు కూడా ఆయన చేత చేయించుకున్నాయి. బొమ్మలు పోతపోయడంలో, చెక్కడంలో తెనాలికి ఎప్పటినుంచో చేయి తిరిగి ఉంది. ఆ చేయే ఇప్పుడు వెల్డింగ్ రాడ్డు పట్టుకుంది.

వేల నట్లు పేర్చి ఒక మహాత్ముడి ముఖం రప్పించడం గొప్ప ఓర్పు. ఆ ఓర్పుకు నేను దండం పెడతాను. కానీ అక్కడ నట్టు నట్టుగా ఉండనక్కర్లేదు. అది చర్మంలో ఒక చుక్క. దూరం నుంచి చూస్తే ముఖం కనబడుతుంది, నట్టు కరిగిపోతుంది. జంతువుల బొమ్మల్లో జరిగేది వేరు. అక్కడ పానా పానాలాగే ఉంటుంది, ఆకురాయి ఆకురాయిలాగే ఉంటుంది, అయినా కొంగ మెడ కనబడుతుంది. ఒకే చూపులో రెండూ ఉండాలి. ఒకటి రెండోదాన్ని మింగేస్తే పని చెడిపోయినట్టే. ఈ రకం పనిలో చేతికంటే ముందు కన్ను పనిచేస్తుంది. అసలు నేర్పంతా ఏ ముక్కను ఎక్కడ పెట్టాలో ఎంచుకోవడంలో ఉంది. అతకడం ఆ తర్వాతి సంగతి.

ఈ సంగతిని అందరికంటే తక్కువ సామానుతో రుజువు చేసినవాడు పికాసో. 1942లో ఒక పాత సైకిల్ సీటు, ఒక హ్యాండిల్ బారు తీసుకుని ఎద్దు తల చేశాడు. సన్నంగా ముందుకు సాగిన తోలు సీటు ముట్టె అయింది, వంకర తిరిగిన హ్యాండిలు కొమ్ములయ్యాయి. రెండే ముక్కలు, దేన్నీ కోయలేదు, వంచలేదు. తొమ్మిదేళ్ల తర్వాత పిల్లను ఎత్తుకున్న కోతిని చేస్తూ కొడుకు ఆడుకునే రెండు బొమ్మ కార్లను తలగా అమర్చాడు. కారు ముందద్దం కోతి కళ్లయింది. ఆ కోతి తోకకు కారు కమాను పట్టీ వాడాడు. లారీ కమాను కట్టల నుంచి కొడవళ్లు, మచ్చుకత్తులు సాగదీసే మన కమ్మరులకు ఆ పట్టీ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. వంచితే మళ్లీ తన వంపుకే తిరిగివచ్చే ఉక్కు అది. తోక ఊపుతూ ఉన్నట్టు కనబడాలంటే అంతకంటే తగిన ఇనుము దొరకదు.

అమెరికాలో సౌత్ డకోటాకు చెందిన జాన్ లోపెజ్ పశువుల్ని మేపే కుటుంబంలో పుట్టి, ముందు కంచు బొమ్మలు పోశాడు, ఆ తర్వాత పాత సేద్యపు యంత్రాల ముక్కలతో నిలువెత్తు అడవిదున్నలు, గుర్రాలు చేశాడు. ఆయన పనిలో నాకు నచ్చేది కండ. గుర్రం తొడ మీద కండ ఎటు సాగుతుందో ఇనప ముక్క కూడా అటే సాగుతుంది. పశువుల మధ్య పెరిగినవాడికి తప్ప ఆ చూపు రాదు. ఆ లెక్కన మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఆ చూపున్నవాళ్లకు కొదవ లేదు. పాడి ఆవు లేని ఇల్లు అరుదుగా ఉండే సీమ ఇది.

మన గుజిరీ అంగళ్లలో పడి ఉన్న సామాను కూడా ఈ నేల కథే చెబుతుంది. ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలిన కాలం పోయాక ఇనప కపిల బానలు తుక్కులో చేరాయి. బావులు ఎండి బోర్లు వచ్చాక బోరు బండి వాడిపడేసిన బిట్లు, కాలిపోయిన మోటార్లు, తుప్పు పట్టిన కేసింగ్ పైపులు వాటి పక్కన చేరాయి. చెరకు గానుగల పోత ఇనుప రోళ్లు, బెల్లం వండిన వెడల్పాటి పెనాలు, కుప్పం వైపు గ్రానైట్ కోసి అరిగిపోయిన పెద్ద గుండ్రటి రంపపు బిళ్లలు, ఎద్దుల బండి చక్రాల ఇనప పట్టాలు, ఇరుసులు, గుంటక పాసలు, కర్రులు, కొడవళ్లు, తొలికలు, గడ్డపారలు. వీటి మధ్య మోటార్ సైకిళ్ల చైన్లు, స్పార్కు ప్లగ్గులు, షాకబ్జర్లు, క్లచ్ ప్లేట్లు. ఈ సామానుతో ఏ జంతువు చేసినా అది ఇక్కడి జంతువే అవుతుంది. ఊరూరా ఒకేలా దొరికే పళ్లచక్రాలతో మాత్రమే చేసిన సింహం ఏ ఊరి సింహమైనా కావచ్చు. 2014లో మేకిన్ ఇండియా గుర్తుగా పళ్లచక్రాల సింహం వచ్చాక ఆ చక్రాల మోజు బాగా పెరిగింది. పళ్లచక్రం చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ ఏ జంతువు ఒంట్లోనూ చక్రం లేదు. అది అలంకారం కోసం వచ్చి కూర్చుంటుంది తప్ప ఎముకగా, కీలుగా, కండగా పనిచేయదు. అందుకే పళ్లచక్రాలు తక్కువగా ఉన్న బొమ్మ దగ్గర నేను ఎక్కువసేపు నిలబడతాను.

ముక్కను ఏరుకునేటప్పుడే దాని జాతి తెలియాలి. ఇనుమంతా ఒక్కటి కాదు. అనుభవమున్న వెల్డరు గ్రైండరు ఆనించి నిప్పురవ్వలు చూస్తాడు. మెత్తని ఇనుము రవ్వలు పొడుగ్గా, గీతల్లా సాగుతాయి. కర్బనం ఎక్కువున్న ఉక్కు రవ్వలు చివర పువ్వుల్లా చీలి విచ్చుకుంటాయి. పోత ఇనుము రవ్వలు పొట్టిగా, ఎర్రగా దగ్గర్లోనే ఆరిపోతాయి. పోత ఇనుముకు మామూలు రాడ్డుతో అతుకు పెడితే చల్లారేటప్పుడు పక్కనే పగులుతుంది. దానికి నికెల్ రాడ్డు కావాలి, ముందుగా కాచాలి, నిదానంగా చల్లార్చాలి. అందుకని గానుగ రోలు లాంటి పోత ముక్కల్ని తెలివైనవాళ్లు ఒంట్లోకి తేరు, పీఠంలో పెడతారు. బరువు కిందికి చేరుతుంది, బొమ్మ తూలదు. బేరింగు గుండ్లు గట్టి ఉక్కు. కళ్లుగా పెట్టడానికి అంత నిగనిగలాడేవి మరేవీ లేవు, కానీ ఎక్కువ వేడి తగిలితే చిట్లిపోతాయి. వాటిని అతకకుండా ఒక నట్టులోనో, పైపు ముక్కలోనో కూర్చోబెట్టి, అంచును కొద్దిగా నొక్కి బిగిస్తే కన్ను రెప్పతో సహా వచ్చేస్తుంది. అవసరం కొద్దీ పుట్టిన ఇలాంటి ఉపాయం బొమ్మకు అందం కూడా తెచ్చిపెడుతుంది.

ప్రాణాపాయం ఉన్న ముక్కలూ ఉన్నాయి. షాకబ్జరు లోపల నూనె, కొన్నింట్లో గ్యాసు ఒత్తిడితో ఉంటాయి. మూసి ఉన్నదాన్ని అలాగే కాలిస్తే పేలుతుంది. ముందు బెజ్జం వేసి ఖాళీ చేయాలి. పెట్రోలు ట్యాంకు ఖాళీగా కనబడినా లోపల ఆవిరి ఉంటుంది. జింకు పూత ఉన్న పైపు మీద ఆర్కు పెడితే తెల్లని పొగ లేస్తుంది, దాన్ని పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. పూతను గీకి తీసేయాలి, గాలి ఆడే చోట కూర్చోవాలి. నల్ల అద్దం లేకుండా కళ్లు అటు తిప్పి చుక్కలు పెట్టే అలవాటు మన వెల్డింగ్ షాపుల్లో ఇంకా పోలేదు. చూపే పెట్టుబడి అయిన పనిలో ఆ చూపునే కాల్చుకోవడం నాకు బాధగా ఉంటుంది. గొప్ప పనివాడి బల్ల మీద మొదట కనబడాల్సింది మంచి అద్దం, తోలు చేతొడుగు.

ఇక మూడు ప్రాణుల దగ్గరికి వద్దాం. సాలీడులో తరచూ జరిగే పొరపాటు కాళ్లు ఎక్కడ పుడతాయన్నది. పెద్దగా గుండ్రంగా కనబడే వెనక భాగానికి కాళ్లు తగిలించేస్తారు. నిజానికి ఎనిమిది కాళ్లూ ముందున్న చిన్న భాగం నుంచే వస్తాయి. వెనక పొట్టకు ఒక్క కాలూ ఉండదు. ఆ కాళ్లు ఒంటి నుంచి నేరుగా కిందికి దిగవు. ముందు పైకి లేచి, ఒంటికంటే ఎత్తులో మడతపడి, అక్కడినుంచి నేలకు వస్తాయి. ఒళ్లు ఆ ఎనిమిది వంపుల మధ్య ఉయ్యాలలో ఉన్నట్టు వేలాడుతుంది. ఇందుకు పాత గొడుగు కడ్డీలు, సైకిల్ పుల్లలు, బ్రేకు లివర్లు పనికొస్తాయి. బ్రేకు లివరు తనంతట తానే సాలీడు తొడంత వంపు తిరిగి ఉంటుంది. ఎనిమిది కొనలు ఒకే మట్టంలో నేలను తాకాలి. ఒక్కటి లేచినా బొమ్మ ఊగుతుంది. సన్నని కడ్డీకి వేడి తగిలితే ఇట్టే లాక్కుపోతుంది కాబట్టి ఒక కాలు పూర్తిగా అతికి రెండోదానికి పోకూడదు. కుడి పక్క ఒక చుక్క, ఎడమ పక్క ఒక చుక్క, మళ్లీ ముందు, మళ్లీ వెనక. నాలుగు దిక్కులా సమానంగా లాగితేనే ఒళ్లు నడిమధ్యన నిలుస్తుంది. సాలీడు చిన్న బొమ్మే, కానీ ఆర్కు మీద అదుపు లేనివాళ్లు దాన్ని ముట్టుకోలేరు.

పాముకు అందరూ చైనే తెస్తారు. చైను పొలుసుల్లాగే ఉంటుంది, సరే. అయితే సైకిల్ చైను ఒక్క వాటంలోనే వంగుతుంది. పక్కకు పడుకోబెడితే నేల మీద బాగా మెలికలు తిరుగుతుంది. పాము తల ఎత్తాల్సి వచ్చేసరికి మొండికేస్తుంది. చాలామంది అక్కడ చైనును తుంచి, నిలువుగా తిప్పి మళ్లీ అతుకుతారు. ఆ అతుకు దగ్గర పాము విరిగినట్టుంటుంది. నేర్పరి లోపల ఒక కడ్డీని ముందే వంచి వెన్ను చేసుకుంటాడు. దాని మీద వాషర్లనో, బేరింగు చుట్లనో ఒక్కొక్కటి కొద్దిగా వాలుస్తూ గుచ్చుకుంటూ వస్తాడు. తోక దగ్గర చిన్నవి, నడుము దగ్గర పెద్దవి, మెడ దగ్గర మళ్లీ చిన్నవి. పాము ఒళ్లంతా ఒకే లావు ఉండదన్న సంగతి ఇక్కడ తేలుతుంది. పడగకు తాపీమేస్త్రి వాడి వదిలేసిన తాపీని మించింది లేదు. ఆకు ఆకారం, మధ్యలో అరిగి పలచబడ్డ ఉక్కు, వెనక మెడలా వంగిన కాడ. పిడి కర్ర తీసేస్తే చాలు, కోయాల్సింది ఏమీ మిగలదు. రెండు చిన్న వాషర్లు పెడితే పడగ మీద కళ్లజోడు గుర్తు వచ్చేస్తుంది. ఎన్ని గోడలు కట్టిందో ఆ తాపీ! సున్నం, సిమెంటు అంటి ఎక్కడెక్కడ అరిగిందో ఆ అరుగుదలే పడగకు నునుపు. దాన్ని గ్రైండరు పెట్టి మెరిపిస్తే పామూ పోతుంది, మేస్త్రీ పోతాడు.

ఏనుగు దగ్గర కొంచెం ఆగాలి. పలమనేరు, కుప్పం అడవుల్లోకి 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగులు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. చెరకు తోటలో తెల్లవారుజామున ఏనుగును చూసిన రైతు చిత్తూరు జిల్లాలో ఉన్నాడు. అతని ముందు తప్పుడు ఏనుగును పెట్టలేం. మన ఏనుగుకు వీపు పైకి ఉబ్బి ఉంటుంది, తల అన్నిటికంటే ఎత్తున ఉంటుంది, నుదుటి మీద రెండు గుబ్బలు, చెవులు చిన్నవి. ఆఫ్రికా ఏనుగుకు వీపు మధ్యలో పల్లం, చెవులు చేటలు. సినిమాలు, బొమ్మల పుస్తకాలు చూసి చేసిన ఏనుగుల్లో ఈ రెండూ కలిసిపోయి కనబడుతుంటాయి. మన ఏనుగు ముందు పాదానికి ఐదు గోళ్లు, వెనక పాదానికి సాధారణంగా నాలుగు. వెనక కాలి మోకాలు గుర్రానికి, ఆవుకు ఉన్నట్టు పైన పొట్టలో దాగి ఉండదు, కిందికి స్పష్టంగా కనబడుతుంది. ఇవన్నీ తెలిశాకే ఇనుము ముట్టుకోవాలి.

పైన చెప్పిన మన తుక్కు ఏనుగు కోసమే పుట్టినట్టుంటుంది. వెడల్పాటి బెల్లం పెనం మంటకు కాలి కాలి నల్లబడి, లోపలికి ఒక నిదానమైన వంపు తిరిగి ఉంటుంది. రెండు పెనాలు ఎదురెదురుగా నిలబెడితే పక్కలు వచ్చేస్తాయి. అంత పెద్ద రేకును కొత్తగా వంచాలంటే రోలింగు యంత్రం కావాలి. ఇక్కడ ఆ పని ఎన్నో క్రషింగ్ సీజన్ల మంట ముందే చేసి పెట్టింది. కపిల బాన తలకు సరిపోతుంది. నీళ్లు పోవడానికి ఆ బానకు కిందివైపు తోలు తొండం కట్టే నోరు ఉంటుంది. ఏనుగు తొండం అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు. తొండంలో ఎముక లేదు. క్లచ్ ప్లేట్లు, ఆ తర్వాత బేరింగు చుట్లు, ఆ తర్వాత నట్లు, ఇలా పెద్దవాటి నుంచి చిన్నవాటికి దిగుతూ, ఒక్కో చుట్టును రవంత వాలుస్తూ పోతే తొండం మెత్తగా వంగుతుంది. వాలు ఒక్కచోట ఎక్కువైతే మోచేయి వచ్చినట్టు అవుతుంది. అరిగిన గ్రానైటు రంపపు బిళ్లను కోసి చెవి చేయవచ్చు. పాదాలకు బోరు బిట్లు. ఆరున్నర అంగుళాల బోరు వేసే బిట్టు గుండ్రంగా, బరువుగా, అడుగున టంగ్‌స్టన్ కార్బైడు గుండీలతో ఉంటుంది. ఆ గుండీలు రాతిని పిండి చేసినవి, వాటిని కోయాలని చూస్తే కోత బిళ్లే అరిగిపోతుంది. కాబట్టి ముక్కను ఉన్నదున్నట్టు వాడక తప్పదు. గుండీల్ని బయటికి తిప్పి పెడితే గోళ్లు. నీళ్ల కోసం నేలను తొలిచిన ఇనుము నీళ్ల కోసం ఊళ్లలోకి దిగే ఏనుగుకు పాదం అవుతుంది. ఈ అమరిక అందంగా ఉండడమే కాదు, నిజంగానూ ఉంది.

రేకు ఎంత పెద్దదైనా లోపల డొల్లే. ఏనుగు బరువుగా కనబడేది కాళ్లు నేల మీద మోపిన తీరులో. నాలుగు కాళ్లూ నిలువు స్తంభాల్లా సమానంగా పెడితే బల్ల అవుతుంది. ఒక కాలు కొద్దిగా ముందుకు, దానికి తగ్గట్టు ఎదురు మూల భుజం కొద్దిగా కిందికి, పొట్ట గీత ఒక పక్కకు దిగినట్టు. ఇంత మార్పుతో ఏనుగు నిలబడి ఊపిరి పీల్చినట్టుంటుంది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో గజవాహనాన్ని, అశ్వవాహనాన్ని, హంసను, సింహాన్ని చూస్తూ పెరిగిన మనకు జంతువు నిలుచున్న తీరు మీద తెలియకుండానే ఒక అంచనా ఉంది. వాహనం మీద స్వామి కూర్చుంటాడు కాబట్టి అక్కడి జంతువు బరువు మోయడానికి సిద్ధంగా ఛాతీ ముందుకు పెట్టి నిలుస్తుంది. తుక్కు ఇనుప ఏనుగుకు మోయాల్సింది ఏమీ లేదు. అది తన పని మీద తాను పోతున్న అడవి ఏనుగు. ఆ తేడా నడుములో కనబడాలి.

ఆవు విషయంలో పెద్ద పరీక్ష పుంగనూరు ఆవు. దాదాపు మూడడుగుల ఎత్తు, వెడల్పు నుదురు, చిన్న కొమ్ములు, పొట్టి కాళ్లు, నేలను తాకే తోక. పెద్ద ఆవును చిన్న కొలతలో చేస్తే పుంగనూరు ఆవు కాదు, దూడ అవుతుంది. పెద్ద పశువు నిండుతనం, మూపురం, గంగడోలు ఆ చిన్న ఎత్తులోనే ఇమడాలి. కాళ్లు పొట్టివి కావాలి కానీ కీళ్లు నిండుగా ఉండాలి. ఇక్కడ వెనక కాలి దగ్గర చాలా చేతులు తడబడతాయి. ఆవు వెనక కాలికి మధ్యలో వెనక్కి తిరిగి కనబడే కీలు మోకాలు కాదు, మడమ. దాన్ని మనిషి మోకాలిలా ముందుకు మడిస్తే ఎంత మంచి ఇనుము వాడినా పశువు రాదు. పాత పట్టకారును సగం తెరిచి పెడితే ఆ మడమ కోణం సరిగ్గా వస్తుంది, మధ్యలో ఉన్న మేకు కీలుగా నిలుస్తుంది. ముందుకాలి భుజానికి మరో సంగతి. ఆవుకు కంటె ఎముక ఉండదు. ముందుకాళ్లు ఒంటికి కండతోనే వేలాడుతుంటాయి. అందుకే భుజం ముక్కను వెన్నుకు గట్టిగా అంటించకుండా రవంత సందు వదిలి, పక్కనుంచి ఒక పాత పార రేకును దించితే నడకలో జారే భుజం కనబడుతుంది. గంగడోలుకు గొలుసు వేలాడదీయవచ్చు. తోకకు కమాను పట్టీ కాదు, క్లచ్ వైరు. దాని కొస విప్పితే తోక కుచ్చు.

ఇలా చెబుతుంటే ముక్కలు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయనిపించవచ్చు. నెలల తరబడి గుజిరీ అంగడిలో తిరిగి, ఇంకా ఏ బొమ్మకో తెలియకుండానే ముక్కలు తెచ్చి గోడవారన పేర్చుకుంటే తప్ప ఇది కుదరదు. రెండు ఎడమ చెవులు దొరుకుతాయి, కుడి చెవి దొరకదు. అప్పుడు కొత్త రేకు కోసి జత చేసేస్తే పని ముగుస్తుంది, కానీ ఆ చెవి దగ్గర చరిత్ర తెగిపోతుంది. మంచి పనివాళ్లు తల కాస్త పక్కకు తిప్పి ఒక చెవి వెనక్కి మడుస్తారు, లేదా ఆగుతారు. ఆగగలగడం కూడా ఈ పనిలో ఒక పనిముట్టే.

అతుకుల గురించి ఒక మాట. ఇంటి గేట్లకు వాడే 2.5 మిల్లీమీటర్ల రాడ్డే ఇక్కడా చాలు. కాకపోతే గేటు అతుకును గ్రైండరుతో కొట్టేస్తారు, ఇక్కడ కొట్టాలా వద్దా అని ప్రతిసారీ ఆలోచించాలి. కండ మీద అతుకు కనబడితే పుండులా ఉంటుంది. మెడ వెంట్రుకల్లో, ఎలుగుబంటి బొచ్చులో అదే అతుకు గీతలుగా సాగితే ఆ గరుకుతనమే జుట్టు అవుతుంది. రెండు పనిముట్లు కలిసే చోట అతుకును వెనకకు, పొట్ట కిందికి, నీడలోకి తోసేస్తే ముందునుంచి చూసేవాళ్లకు ఆ ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టే ఉంటాయి. కంటికి కనబడని ఆ అతుకు గట్టిదై ఉండాలి. పార్కులో పెట్టిన గుర్రం మీద పిల్లలు ఎక్కకుండా ఉండరు. పనితనం గల బొమ్మను చేత్తో తడిమితే ఎక్కడా కోసుకోదు. కొడవలి రెక్కగా ఉన్నా దాని వాదర మొద్దుబారి ఉంటుంది.

తిరుపతిలోనే తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీ వేంకటేశ్వర సంప్రదాయ శిల్ప విద్యాలయం ఉంది. అక్కడ రాతి శిల్పం, సుధ అనే గార శిల్పం, కొయ్య చెక్కడంతోపాటు లోహశిల్పం నేర్పుతారు. మైనంతో మూర్తిని చేసి, పైన మట్టి పూసి, కాల్చి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో పంచలోహం పోస్తారు. మట్టి పగలగొడితే మూర్తి వస్తుంది. ఆ పద్ధతిలో పాత చెంబు, పాత గంట కరిగి మూర్తిలో కలిస్తే ఇక వాటి ఆనవాలు ఉండదు. ఉండకూడదు కూడా, అక్కడ దైవం ఒక్కటే కనబడాలి. శాస్త్రం తాళమానంతో కొలతలన్నీ ముందే చెప్పింది. తుక్కు ఇనుములో కొలత ముక్కదే. శిల్పి ఆ ముక్కకు లొంగి, దాని కొలతకు తగ్గ జంతువును కడతాడు. పికాసో తన సైకిల్ ఎద్దును తర్వాత కంచులో పోయించాడు. కంచుబొమ్మ చూడటానికి అదే ఎద్దు. కానీ మూలంలో ఉన్న తోలు సీటు, ఇనప బారు మధ్య తేడా కంచులో ఒకటే రంగులో కలిసిపోయింది. నాకు మూలమే ఎక్కువ ఇష్టం. ఈ రెండు విద్యల్ని ఒకచోట చేర్చాలనే ఆశ మాత్రం నాకుంది. మూర్తుల భంగిమలు తెలిసిన లోహశిల్ప విద్యార్థి ఒక్క సెలవుల కాలం రేణిగుంట రోడ్డు వెల్డింగ్ షాపులో కూర్చుంటే ఏమి పుడుతుందో చూడాలని ఉంది.

తుప్పు సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలు బొమ్మకు కష్టకాలం. బోర్లించని ప్రతి గిన్నె ఆకారంలోనూ నీళ్లు నిలుస్తాయి. పొట్ట అడుగున, పాదాల దగ్గర, చెవి మడతలో చిన్న బెజ్జాలు వేయనివాడు సగం పనే చేసినట్టు. రెండు రేకుల మధ్య చొరబడిన తుప్పు ఉబ్బి అతుకునే చీలుస్తుంది. పాత పనిముట్ల మీద ఏళ్ల తరబడి ఏర్పడిన గోధుమరంగు పొరను తీసేయకుండా, ఊడిపోయే పొట్టును మాత్రం తీగ బ్రష్షుతో దులిపి, పారదర్శకమైన లక్కరు పూత వేస్తే బొమ్మ తన రంగులోనే ఉంటుంది. ఏటా వానల ముందు ఆ పూత మళ్లీ వేయాలి. చాలాచోట్ల జరుగుతున్నది వేరు. పండగో, పెద్దవాళ్ల రాకో ఉందంటే బొమ్మంతా వెండి రంగు కొట్టేస్తారు. పానా ఏదో, పైపు ఏదో, తాపీ ఏదో తెలియని ఒక మెరుపు ముద్ద మిగులుతుంది. చేసినవాళ్లు ముక్క ముక్కనూ ఏరిన శ్రమ ఒక్క పూటలో పోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

చంద్రగిరి మండలంలోని ఎ. రంగంపేటలో కనుమ నాడు పశువుల పండగ జరుగుతుంది. ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వదులుతారు. పరిగెత్తే ఎద్దు నుంచి ఆ పలక లాక్కోవడానికి కుర్రవాళ్లు పోటీ పడతారు. ఆ ఊరి మలుపులో అక్కడి రైతుల పనిముట్లతోనే దూకుతున్న ఒక ఎద్దును నిలపాలి. గుంటక పాస ఎదురు రొమ్ముగా, బండి పట్టా వీపు గీతగా, ఇరుసు ముక్కలు ముందుకాళ్లుగా, గడ్డపారలు కాచి వంచిన కొమ్ములుగా. ముందుకాళ్లు రెండూ గాలిలో ఉండాలి కాబట్టి బరువంతా వెనక కాళ్ల మీదికి, అక్కడినుంచి నేలలో పూడ్చిన ఇనప పలకకు దిగాలి. లోపల మందపాటి కేసింగ్ పైపు ఒకటి వెన్నులా పోవాలి, తల బరువుకు ఎదురుగా తొడల్లో పోత ఇనుము కూర్చోవాలి. కొమ్ములకు కట్టే పలక మాత్రం ఇనుముది వద్దు. దాన్ని ఏటా కనుమకు ఊరివాళ్లు కొత్త చెక్కతో చేసి, రంగులేసి, తాళ్లతో కట్టుకునేలా కొమ్ము మొదట్లో రెండు కొక్కేలు వదిలిపెడితే సరిపోతుంది.